నీరసం అంటే బలం సూది ఒక్కటేనా? అడ్రినల్ లోపంలో ఉప్పు, పొటాషియం, విటమిన్ల సంగతి

వాడలో ఎవరైనా నీరసంగా ఉందంటే ముందు ‘ఎండ దెబ్బ’ అంటాం. తర్వాత ‘రక్తం తక్కువ’ అంటాం. ఆర్‌ఎంపీ దగ్గరకు పోతే ఒక సెలైన్, ఒక బలం సూది. కానీ నెలల తరబడి నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, ఉప్పు తినాలనే విపరీతమైన కోరిక కలిసి కనిపిస్తే అడ్రినల్ గ్రంథుల లోపం ఉందేమో చూడాలి.

మూత్రపిండాల పైన ఉండే ఈ చిన్న గ్రంథులు కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లను తయారుచేస్తాయి. జబ్బును, గాయాన్ని తట్టుకోవడానికి కార్టిసాల్ కావాలి. ఆల్డోస్టిరాన్ ఒంట్లో సోడియాన్ని నిలుపుతుంది, పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తుంది. గ్రంథులే దెబ్బతింటే సోడియం పోతుంది, పొటాషియం పేరుకుంటుంది. రక్తపోటు పడిపోతుంది, గుండె లయ తప్పవచ్చు.

1855లో థామస్ అడిసన్ వర్ణించిన ఈ జబ్బుకు మన దేశంలో క్షయ నేటికీ ఒక ముఖ్య కారణం. ఇరుకు ఇళ్లలో, అర్ధాకలితో బతికేవారినే క్షయ ఎక్కువగా పట్టుకుంటుంది. రెండో దారి స్టెరాయిడ్ బిళ్లలు. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేస్తే గ్రంథులు వెంటనే మేలుకోవు. ఇలాంటివారిలో ఆల్డోస్టిరాన్ సాధారణంగా బాగానే ఉంటుంది కాబట్టి పొటాషియం పెరగదు. కార్టిసాల్ కొరత మాత్రం అంతే ప్రమాదం.

గ్రంథులే దెబ్బతిన్నవారిలో చర్మం నల్లబడుతుంది. అరచేతి గీతలు, చిగుళ్లు, పాత మచ్చలు చూడాలి. ‘కూలోళ్లు నలుపు కాక తెలుపుంటారా’ అని తీసిపారేసే చోట ఈ గుర్తు ఎవరి కంటా పడదు. వర్ణ వివక్ష రోగ నిర్ధారణ దాకా వస్తుందని మేము అనేది ఇందుకే. ఉదయం పూట కార్టిసాల్, సోడియం, పొటాషియం రక్త పరీక్షలు అడగండి.

చికిత్స అంటే లేని హార్మోన్‌ను రోజూ అందించడం. సాధారణంగా హైడ్రోకార్టిసోన్ రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా ఇస్తారు. ఆల్డోస్టిరాన్ లేనివారికి ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా కావాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే అది హైడ్రోకార్టిసోన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. డాక్టర్ డోసు పెంచాల్సి రావచ్చు.

తిండి విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఫ్లూడ్రోకార్టిసోన్ వాడేవారు ఎండలో పనిచేసే రోజుల్లో ఉప్పు ఎంత పెంచాలో డాక్టర్‌ను అడిగి ఉంచుకోవాలి. ‘నీరసానికి కొబ్బరి బొండం’ అనే మాట ఇక్కడ పనికిరాదు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. సోడియం తగ్గించిన ఉప్పు ప్యాకెట్లలోనూ పొటాషియం కలుపుతారు.

బీ కాంప్లెక్స్ సూది కార్టిసాల్‌కు బదులు కాదు. అయితే స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు పలచబడే ప్రమాదం ఉంది కాబట్టి కాల్షియం, విటమిన్ డి చూపించుకోవాలి. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథులపై దాడి చేసిన రకంలో విటమిన్ బీ12 కూడా తగ్గవచ్చు.

మందు ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరమొస్తే డాక్టర్ ముందే చెప్పిన ప్రకారం డోసు రెండు మూడు రెట్లు చేయాలి. వాంతులై బిళ్ల నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. జబ్బు పేరు, మందు పేరు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి.

2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఫ్లూడ్రోకార్టిసోన్‌ను కూడా చేర్చారు. సర్కారు దవాఖానాలో ‘లేదు’ అంటే రాతపూర్వకంగా అడుగుదాం. ఇది ఎవరి దయా కాదు, బతికే హక్కు.