మీకు తెలుసా? గేర్‌బాక్స్ ఆయిల్ ఖర్చయ్యేది కాదు

ఇంజిన్ ఆయిల్ నడిచేకొద్దీ కొంత మండిపోతుంది. తగ్గితే పోయించుకుంటాం, పట్టించుకోం. గేర్‌బాక్స్‌లో మంట లేదు కాబట్టి అక్కడి ఆయిల్ పోసింది పోసినట్టే ఉండాలి. లెవెల్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. యాక్సిల్ దగ్గర ఆయిల్ సీల్ అరిగిందా, అడుగున పాన్ గాస్కెట్ పట్టు వదిలిందా, కూలర్ పైపు తడిగా ఉందా అన్నది చూడకుండా అర లీటరు పోసి పంపించే మెకానిక్ మీకు మేలు చేసినట్టు కాదు.

చాలా ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) ఎర్రగా ఉంటుంది. అది కావాలని కలిపిన రంగే. ఇంజిన్ ఆయిల్ అనుకుని పొరబడకుండా, కారు కింద చుక్క పడితే ఎక్కడిదో ఇట్టే తెలిసేలా కలుపుతారు. అనుమానం ఉంటే రాత్రి బండి కింద ఓ పాత అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. ఎర్రటి మరకైతే గేర్‌బాక్స్, నల్లటిదైతే ఇంజిన్, ఉత్త నీళ్లయితే ఏసీ. కొన్ని కార్లలో పవర్ స్టీరింగ్‌కూ ఈ ఎర్ర ఆయిలే వాడతారు కనుక మరక ఎక్కడ పడిందో కూడా గమనించాలి.

ఈ ఆయిల్‌లో ఒకప్పుడు తిమింగలం నూనె ఉండేదంటే నమ్ముతారా? గేరు కుదుపు లేకుండా మారడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాకే రసాయన ప్రత్యామ్నాయాలు వచ్చాయి.

లెవెల్ చూడటంలోనే చాలామంది తడబడతారు. డిప్‌స్టిక్ ఉన్న ఆటోమేటిక్ అయితే కాసేపు నడిపి వేడెక్కనివ్వాలి. చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు మీద కాలు ఉంచి లీవర్‌ను అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి మళ్లీ పార్క్‌లోకి తేవాలి. ఇంజిన్ నడుస్తుండగానే పుల్ల తీసి, నూగు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. ఇంజిన్ ఆపితే పైన తిరిగే ఆయిల్ పాన్‌లోకి దిగిపోయి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అయితే డిప్‌స్టిక్ ఉన్న చాలా హోండా కార్లలో పద్ధతి వేరు. వేడెక్కాక ఇంజిన్ ఆపి, ఒకటిన్నర నిమిషం లోపే చూడాలి. అందుకే పక్కింటివారి మాట కన్నా కారుతో ఇచ్చిన పుస్తకం మాట నమ్మడం మంచిది.

డిప్‌స్టిక్ మీద వేడి గీత, చల్లటి గీత వేరువేరుగా ఎందుకు ఉంటాయంటే, ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల్లో 8 లీటర్లుండే ఆయిల్ 80 డిగ్రీలకు చేరేసరికి 300 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. చల్లటి బండిలో వేడి గీత దాకా పోస్తే అది అతి అవుతుంది. తిరిగే భాగాలు ఆ ఎక్కువైన ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది కనుక ప్రెషర్ నిలవదు, క్లచ్ ప్లేట్లు జారి మాడతాయి. కాబట్టి ఒక్కసారిగా కుమ్మరించకుండా వందేసి మిల్లీలీటర్లు పోస్తూ చూసుకోవాలి.

పుల్లకు అంటిన ఆయిల్ గోధుమరంగు తిరిగి మాడు వాసన వేస్తే టాప్‌అప్‌తో పని జరగదు. రోజ్‌మిల్క్‌లా చిక్కగా, గులాబీ రంగులో కనిపిస్తే నీళ్లు చేరాయని అర్థం. అలాంటప్పుడు బండి నడపొద్దు. రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడ్డా, వరదలో బండి మునిగి బ్రీదర్ (గేర్‌బాక్స్ గాలి రంధ్రం) గుండా నీరు దిగినా ఆయిల్ ఇలా అవుతుంది. 2024లో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన బండ్ల లాంటివాటికి ఇంజిన్ ఆయిల్‌తో పాటు గేర్ ఆయిల్ కూడా మార్చాల్సిందే.

మన రోడ్ల మీద 'ఆటోమేటిక్' అనే మాట కింద రకరకాల గేర్‌బాక్సులున్నాయి. 2014లో సెలేరియోతో మారుతి తెచ్చిన ఏఎంటీలో లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్చునూ గేరునూ యంత్రం కదుపుతుందంతే. దానికి కావలసింది గేర్ ఆయిల్. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీకి సీవీటీ ఫ్లూయిడే పోయాలి, మామూలు ఏటీఎఫ్ పోస్తే లోపలి స్టీలు బెల్టు జారి పాడవుతుంది.

చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకు డిప్‌స్టిక్ ఉండదు. పక్కన ఉండే ఫిల్లర్ బోల్టు విప్పితే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచును తాకుతూ ఉండాలి. ఆయిల్ మార్చేటప్పుడు కూడా ముందు ఈ బోల్టే విప్పాలి. అడుగు బోల్టు విప్పి అంతా వంపేశాక పై బోల్టు బిగుసుకుపోయి రాకపోతే బండి కదలదు.

'జీవితాంతం మార్చక్కర్లేదు' అన్న మాటనూ పూర్తిగా నమ్మకండి. గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్‌లలో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లలోపు ఆయిల్ మార్చమంటోంది. ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు గేర్‌బాక్స్ కింద తడి ఉందేమో చూడమనండి, పోసిన ఆయిల్ గ్రేడు బిల్లు మీద రాయించుకోండి.