వరద వడ్డించిన బంతి

ఆషాఢం సగానికి వచ్చేసరికి గోదావరి రంగు మారుతుంది. మహారాష్ట్రలోనూ బస్తరు కొండల్లోనూ కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వెంట దిగివచ్చి, ఎర్రనీరై పాపికొండల నడుమ సుడులు తిరుగుతుంది. రాజమహేంద్రవరం దాటాక లంకల అంచులు మునుగుతాయి. నిన్నటిదాకా ఎండలో పెళుసెక్కిన గడ్డి, తుంగ, రాలిన ఆకులు మోకాటిలోతు నీళ్లలో నానుతుంటాయి. గట్టు మీద నుంచి చూసేవాళ్లకు అది బురదనీరు. బొచ్చెకు, శీలావతికి, ఎర్రమోసుకు అది పురిటిచోటు.

ఈ మూడు కార్పు చేపలూ చెరువులో ఎంత బలిసినా నిలవనీటిలో తమంతట తాము గుడ్లు పెట్టవు. వాటికి వాన కావాలి, పారే నీరు కావాలి, అంచులు ముంచే వరద కావాలి. అవన్నీ కుదిరిన వేళ కిలో బరువున్న తల్లి లక్షకు పైగా గుడ్లు వదులుతుంది. ఆ గుడ్లు ఆకులకో రాళ్లకో అంటుకోవు. నీరు పీల్చి ఉబ్బి, ప్రవాహం ఎటు తోస్తే అటు తేలిపోతాయి. ఇరవై గంటల లోపే గుడ్డు పగిలి, అయిదు మిల్లీమీటర్ల పిల్ల బయటికొస్తుంది. గాజులా పారదర్శకమైన ఒళ్లు, ఇంకా తెరుచుకోని నోరు, పొట్ట కింద పచ్చసొన సంచి. ఆ సంచిలో ఉన్నది సుమారు మూడు రోజుల తిండి.

అసలు వింత ఆ తరవాత మొదలవుతుంది. సొన ఇంకిపోతుంది, నోరు తెరుచుకుంటుంది, మూడు జాతుల పిల్లలకూ ఒకేసారి ఆకలేస్తుంది. ఆ నోటికి పట్టేది కూడా ఒక్కటే, జంతు ప్లవకాలు. మొదట రోటిఫర్లు, నోరు కాస్త సాగాక మొయినా, డాఫ్నియా వంటి నీటి పురుగులు. నీటిలోంచి తిండిని వడగట్టే మొప్పల జల్లెడ ఇంకా తయారు కాలేదు గనుక పిల్ల ఒక్కో పురుగునూ కంటితో చూసి, ఎంచి, పట్టుకుంటుంది. బొచ్చె పిల్లకు తల కొంచెం పెద్దది, మోసు పిల్లకు తోక మొదట ఒక నల్లమచ్చ. ఆకలిలో మాత్రం ఏ తేడా లేదు. ఒకే బంతిలో కూర్చుని ఒకే వంటకం తింటాయి.

ఒకే తిండిని ఒకే తీరున తినే రెండు జాతులు ఒక్కచోట కలకాలం నిలవలేవని, చివరికి ఒకటి రెండోదాన్ని తోసేస్తుందని రష్యా శాస్త్రవేత్త గాజ్ 1934లో వెలువడిన తన పుస్తకంలో వాదించాడు. గాజునాళికల్లో ఏకకణజీవులను పెంచి ఆయన చూపిన ఫలితం అది. మరి లంక అంచున మూడు జాతులు ఎలా నెగ్గుకొస్తున్నాయి?

సగం జవాబు వరదలోనే ఉంది. నీరు తాకగానే ఎండిన నేలలోని పోషకాలు కరుగుతాయి. కుళ్లే గడ్డి మీద బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తింటూ ఏకకణజీవులు, రోటిఫర్లు పుట్టుకొస్తాయి. నెలల తరబడి మట్టిలో నిద్రపోయిన మొయినా గుడ్లు కూడా మేలుకుంటాయి. కొన్ని రోజులకే కొత్త తరం తయారు. చేపపిల్లలు తినే వేగానికి మించి నది వడ్డిస్తూ పోతుంది. విస్తరి ఖాళీ కానంతసేపు పక్కవాడు పోటీదారు కాడు.

మిగిలిన సగం పిల్లల ఒంట్లో ఉంది. నీరు తీస్తూ, ప్లవకాలు పలచబడే రోజులకు పిల్లలు వేలెడవుతాయి. అప్పటికి వాటి నోళ్లు మూడు దిక్కులకు తిరుగుతాయి. బొచ్చెకు కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది, మొప్పల్లో సన్నని పళ్లు దట్టంగా అల్లుకుంటాయి. అది పైనీటిలో తిరుగుతూ జంతు ప్లవకాలను వడగట్టుకునే చేప అవుతుంది. శీలావతి పెదవులకు కుచ్చులు వస్తాయి. నడిమి నీటిలో తిరుగుతూ నాచును, మెత్తబడిన మొక్కలను గీకి తింటుంది. ఎర్రమోసు నోరు కిందికి దిగుతుంది. అడుగున పేరుకున్న కుళ్లు, మడ్డి దాని పాలు. ఆకుతిండి, మడ్డి అరగడానికి సమయం పడుతుంది గనుక శీలావతి, మోసుల పేగులు ఒంటిని మించి ఎన్నో రెట్లు పొడుగు సాగుతాయి. బంతి ముగిసి ముగ్గురూ మూడు అంతస్తుల్లో కాపురం పెడతారు. మోసు అడుగు మట్టిని కదిపినప్పుడు లేచే పోషకాలు పైనీటిలో ప్లవకాలను పెంచుతాయి. అలా కింద తిన్న చేప పైన తినే చేపకు మేలు చేస్తుంది.

చేపల రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. పెంపకపు చెరువులో మూడు రకాలనూ కలిపి వదులుతారు. నర్సరీ చెరువులో మాత్రం సాధారణంగా ఒక్క రకం స్పానునే, అంటే అప్పుడే పుట్టిన పిల్లలనే, పోస్తారు. చెరువుకు గోదావరి లాంటి చెయ్యి లేదు, ఆ వయసులో మూడు ఆకళ్లూ ఒకటే గనుక కలిపితే కొరత వస్తుంది. ఒకప్పుడు చేపవిత్తనం చాలామటుకు నదుల్లో వలకట్టి పట్టిందే, అన్ని జాతులూ కలగలిసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి కార్పు చేపలతో గుడ్లు పెట్టించాకే విడివిడి విత్తనానికి దారి పడింది. ఏటా ఆ తేదీనే చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం.

లంక అంచు బంతికి ఇంకొందరూ వస్తారు. తల్లిదండ్రుల కాపలాలో గుంపుగా తిరిగే కొర్రమీను పిల్లలు, చుట్టూ పరిగెలు. వాలుగ పిల్ల వస్తే అది ప్లవకాలతో సరిపెట్టుకోదు, పక్కనున్న పిల్లలనే మింగుతుంది. అందుకే తుంగ దుబ్బులు కావాలి. అవి తిండీ పెడతాయి, దాక్కునే చోటూ ఇస్తాయి.

ఇన్ని జాతుల బాల్యం ఒకే చోట, ఒకే కొన్ని వారాల్లో, ఒకే తిండి మీద గడుస్తుంది. ఈ ఐకమత్యంలోనే ప్రమాదమూ ఉంది. పెద్ద చేపలను పట్టే వల పైనీటి చేపనో అడుగు చేపనో పడుతుంది. వరద అంచున దోమతెర లాగితే అన్ని జాతుల రాబోయే ఏళ్లూ ఒక్కసారే తుడిచిపెట్టుకుపోతాయి. అంచు మట్టిని తవ్వేసినా, తుంగను పీకేసినా, వరదను పైనే ఆపి అంచులకు నీరు చేరనివ్వకపోయినా నష్టం ఒక్క చేపది కాదు. నదిలో చేపలు నిలవాలంటే లోతైన మడుగుల కంటే ముందు మోకాటిలోతు నీళ్లను కాపాడాలి. ఆ కొద్ది వారాలు అక్కడ వల వెయ్యకుండా ఉండగలిగితే, తరవాత పైనీటికీ నడిమి నీటికీ అడుగుకూ ఎవరి చేప వారికి గోదావరే పంచిపెడుతుంది.