తప్పు పోగుతో అమ్మకానికొచ్చే ఆటలు

పోయిన నెల మార్కండేయ గుడి దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపి, "ఏమయ్యా, ఈ వయసుల ఫోన్ల తుపాకుల ఆట ఆడుతున్నవట, నిజమేనా?" అని అడిగిండు. నిజమే. నాకు 66 నిండినయి. షోలాపూర్ మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి వరకు చదివిన. పద్దెనిమిదేండ్లకు మిల్లులో బద్లీగా చేరిన. మిల్లు బందయినంక సాంచె కార్ఖానాల్లో టవళ్ళు, చద్దర్లు నేసిన. ఇప్పుడు మోకాళ్ళు పనికి రానియ్యక ఇంట్లో కూసున్న. ఆట ఆడుతున్న. దాంట్లో సిగ్గేముంది?

మొదలయింది 2020 లాక్‌డౌన్‌లో. సాంచెలన్నీ ఒక్కసారి ఆగినయి. మన తూర్పు భాగం పేటలన్నీ ఎట్ల మూగబోయినయో మీకు యాదుండే ఉంటది. నలభై ఏండ్లు ఆ చప్పుడులో నిద్రపోయినోనికి చప్పుడు లేకుంటే నిద్ర రాదు. మా మనవడు అప్పుడు పదో తరగతి. అర్ధరాత్రి దాకా చెవులకు వైర్లు పెట్టుకొని "ఇంటెనక ఉన్నడు, ఇంటెనక ఉన్నడు" అని అరుస్తుంటే, మా ఇంటామె వానికి గాలి సోకిందని నిమ్మకాయ దిష్టి తీసింది. నేను పక్కన కూసోని చూసిన. అది పబ్‌జీ. 100 మంది విమానంలోంచి ఒక దీవి మీదికి దుంకుతరు. దీవి 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. తుపాకులు వెతుక్కోవాలె, కొట్లాడాలె, ఆఖరికి మిగిలినోళ్ళు గెలిచినట్టు. నలుగురు కలిస్తే ఒక జట్టు.

మా వాని జట్టులో ఒకడు భివండిలో ఉండే మా చెల్లె మనవడు. ఇంకొకడు సిరిసిల్ల పిల్లగాడు, మా మేనమామ తరఫోడు. నాలుగో పిల్లగాని ఫోను పగిలింది. "తాతా, నువ్వు రా. లేకపోతే తెలియనోడెవడో వచ్చి పడుతడు" అన్నడు మనవడు. కోడలి ఫోను పట్టుకొని దుంకిన. మొదటి వారం దిగంగనే చచ్చిన.

నా తిప్పల వేరే ఉండె. ఈ ఆటలో అవతలోని అడుగుల చప్పుడు వినాలె. నా చెవులు సాంచెల కాడనే పోయినయి. మిల్లులో మనమందరం చేతి సైగలతోనే మాట్లాడుకునేటోళ్ళం గదా, చాయ అంటే ఒక సైగ, జాబర్ వస్తుండంటే ఒక సైగ. ఫోనులో సైగ ఎట్ల చేయాలె? అప్పుడు మనవడు చూపించిండు. మూలకు చిన్న నక్షా ఉంటది, దగ్గర్లో ఎవడన్న నడిస్తే దాని మీద పాదం గుర్తు పడ్తది. కాలిస్తే తూటా గుర్తు పడ్తది. వినేది లేదు, చూసుడే. ఇరవై అడుగుల దూరం నుంచి తెగిన పోగును పట్టిన కండ్లు ఇవి. నెల తిరిగేసరికి పిల్లలు "తాతను ముందు పెట్టుకొని పోదాం" అనబట్టిండ్రు.

ఇంత చెప్పింది నా గొప్ప కోసం కాదు. మన ఇండ్లల్లో పిల్లలు ఆటల మీద డబ్బు పెడుతున్నరు. ఆట కూడా తయారయ్యే సరుకే. ఆ సరుకులో తప్పు వస్తే ఎవరిని అడగాలెనో మన పిల్లలకు తెలుస్తలేదు, వాళ్ళ అమ్మానాన్నలకు అసలే తెలుస్తలేదు.

మనవడు పది పాసయినంక పైచదువు కుదరలే. టవళ్ళ ప్యాకింగ్‌లో చేరిండు. వారం వారం హప్తాలో కొంత దాచి, పాత ప్లేస్టేషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. ఆ తర్వాత ఒక కొత్త ఆట వస్తుందని మూడు నెలలు కలవరించిండు. ఆట పేరు, దుకాణం పేరు రాయను. రెండు వారాల కూలి పెట్టిండు, మా ఇంటామె బీడీలు చుట్టిన పైసల నుంచి 500 కలిపింది. విడుదలైన రోజే డబ్బా తెచ్చి దేవుని ముందు పెట్టి మరీ తెరిచిండు.

నాలుగో రోజు ఆట ఆగిపోయింది. ఒక తలుపు తెరుచుకోవాలె, తెరుచుకోదు. మనిషి గోడలో సగం దిగబడి నిలబడ్డడు. మళ్ళ మొదటి నుంచి ఆడితే మళ్ళ అక్కడనే. దీన్ని బగ్ అంటరు, అంటే పురుగు. దుకాణపాయన సీలు తీసినంక వాపస్ లేదన్నడు. కంపెనీ వాళ్ళు దాన్ని సరిచేసే అప్‌డేట్ పంపిస్తమన్నరు, పంపిండ్రు కూడా. అది 40 జీబీ! మా ఇంట్ల వైఫై లేదు. ఫోనుకు రోజుకు ఒకటిన్నర జీబీ వస్తది. లెక్క చూస్తే దాదాపు నెల రోజులు ఇంట్ల ఎవరూ ఫోను ముట్టొద్దు. ఆఖరికి ప్లేస్టేషన్‌ను టవల్లో చుట్టుకొని, వైఫై ఉన్న దోస్తు ఇంటికి మోసుకపోయిండు. చేసినోడు తప్పు చేసిండు, బరువు మోసింది కొన్నోడు.

ఆ రోజు మనవడు కోపంతో, "ఆట తయారు చేసినోళ్ళకు పని రాదు తాతా, పైసలు తీసుకొని పండుకున్నరు" అన్నడు. నాకు చుర్రుమన్నది. ఈ మాట నేను ఎక్కడనో విన్న. నా గురించే విన్న.

ఒక దీపావళి ముందర జరిగింది చెప్తా. కార్ఖానా సేటు ఒక పెద్ద ఆర్డరు పట్టి తారీఖు ఒప్పుకున్నడు. పడుగుకు గంజి సరిగ్గ పట్టలేదని మేం చెప్పినం. ఇంకో రెండు రోజులు ఆరనియ్యాలె అన్నం. తారీఖు జరపనన్నడు. నాలుగు సాంచెలు చూసేటోనికి ఆరు ఇచ్చిండ్రు. పోగులు టపటప తెగుతున్నయి. ఒకటి అతికేలోపు ఇంకో సాంచె మీద పది తెగుతయి. సరుకు తప్పులతోనే పోయింది, వాపసొచ్చింది. డ్యామేజీ అని మా బోనసులో కోశిండ్రు. సేటు ఊర్లో చెప్పుకున్నది ఏందంటే, "మా పనోళ్ళకు పని మీద ధ్యాస లేదు" అని.

అందుకే మనవనికి చెప్పిన, తప్పు పోగు చూసినప్పుడు నేసినోని చెయ్యి చూడకు, తారీఖు పెట్టినోడు ఎవడో చూడు అని. వాడు నమ్మలే. ఫోను తీసి చదవబట్టిండు. చదివి చదివి, వాడే నాకు సైబర్‌పంక్ 2077 కథ చెప్పిండు.

పోలండ్ దేశంలో సీడీ ప్రాజెక్ట్ అని కంపెనీ. అంతకు ముందు ది విచర్ 3 అనే ఆటతో మంచి పేరు తెచ్చుకున్నోళ్ళే. 2012లో ఈ కొత్త ఆట ప్రకటించిండ్రు. 2020 ఏప్రిల్‌లో అన్నరు, సెప్టెంబర్ అన్నరు, నవంబర్ అన్నరు, ఆఖరికి డిసెంబర్ 10న విడుదల చేసిండ్రు. అప్పటికే 80 లక్షల మంది ముందుగా కొనిపెట్టుకున్నరు. తీరా తెరిస్తే పాత ప్లేస్టేషన్ల మీద ఆట నడవదు. మనుషులు చేతులు చాపి బొమ్మల లెక్క నిలబడ్డరు, చెట్లు వస్తువుల్లోంచి పొడుచుకొచ్చినయి, ఆట నడుమల మూతపడుతుండె. వారం తిరిగేసరికి, డిసెంబర్ 17న, సోనీ వాళ్ళు తమ ఆన్‌లైన్ దుకాణం నుంచి ఆ ఆటను తీసేసి పైసలు వాపసిస్తమన్నరు. అది మళ్ళ అక్కడ అమ్మకానికొచ్చింది 2021 జూన్‌లో.

ఇందులో నాకు నచ్చని సంగతి బగ్గులు కాదు. విడుదలకు ముందు ఆటను పరీక్షించి రాసేటోళ్ళకు కంప్యూటర్ మీద నడిచే రకమే ఇచ్చిండ్రు. పాత ప్లేస్టేషన్ మీద ఎట్ల నడుస్తదో ఎవరికీ చూపియ్యలే. ఇది మనకు తెలిసిన విద్యనే! వ్యాపారికి మంచి థాను పైన పెట్టి చూపించి, కింద వేరే సరుకు కట్టిచ్చుడు. తర్వాత 2021 జనవరిలో కంపెనీ పెద్ద ఒకాయన వీడియోలో క్షమాపణ చెప్పుకుంట, మా పరీక్షల్లో ఈ తప్పులు చాలావరకు కనపడలేదన్నడు. ఫోల్డింగ్ ఖాతాలో పని చేసినోళ్ళు ఎవరన్న ఈ మాట నమ్ముతరా, మీరే చెప్పండి.

ఇంకో సంగతి. ఓవర్‌టైం బలవంతం పెట్టమని ఆ కంపెనీ ముందే మాటిచ్చింది. 2020 సెప్టెంబర్‌లో మాట తప్పి, వారానికి ఆరు రోజులు పనికి రమ్మన్నది. పైసలయితే ఇచ్చిండ్రు, అది వాళ్ళ దేశం చట్టం. అలసిన చెయ్యి ఎక్కడైనా ఒక్కటే. ఇది చదివినంక మనవడు మెల్లగ, "తాతా, వీళ్ళు కూడా కార్మికులేనా?" అన్నడు. కుర్చీలో కూసున్న కార్మికులు బిడ్డా అన్న.

ఆ తర్వాత వాళ్ళు ఆటను విడువలే. 2022లో పెద్ద మరమ్మతు, 2023లో ఇంకా పెద్దది చేసి, ఇప్పుడు బాగున్నదనిపించుకున్నరు. 2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కై అనే ఆట కూడా అంతే, మొదట తిట్లు తిన్నది, చిన్న కంపెనీ అయినా ఏండ్ల తరబడి ఉచితంగ బాగుచేసుకుంట వచ్చింది. అందుకని నా లెక్క ఇది: ఏ ఆటనూ ముందుగ కొనొద్దు, మొదటి రోజూ కొనొద్దు. ఆరు నెలలు ఆగితే సరుకు బాగుపడుతది, ధర కూడా తరచుగా దిగుతది. మా మనవడు ఇప్పుడు అట్లనే చేస్తుండు. దోస్తులు నవ్వుతరట, నవ్వనియ్యి.

తల్లులు నన్ను అడిగే ఇంకో ప్రశ్న, "ఇవన్నీ బంద్ చేసిండ్రు గద?" అని. కాదమ్మా. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం పైసలు కాసి ఆడే ఆటల మీద. రమ్మీ లాంటివి, పైసలు పెట్టి పైసలు గెలిచేవి. పబ్‌జీ లాంటిది వేరు. కాని అందులో కూడా తుపాకీకి రంగులు, బట్టలు అమ్ముతరు. పిల్లగాని చేతికి ఫోను ఇచ్చినా, యూపీఐ పిన్ను ఇయ్యకండి.

ఆన్‌లైన్ ఆట సంగతికొస్తా. దాని పానం మన ఫోనులో ఉండదు, ఎక్కడనో సర్వర్ అనే పెద్ద కంప్యూటర్లో ఉంటది. మన ఫోను నుంచి కబురు అక్కడికి పోయి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటరు. సెకనులో వెయ్యో వంతుల లెక్క. 50 ఉంటే మంచిది. 200 దాటిందా, మనం కాల్చేసరికి అవతలోడు గోడ చాటుకు పోయి ఉంటడు. నాడె అవతలి పెట్టెలకు చేరకముందే పడుగు మూసుకుంటే ఏమైతది? నాడె ఇరుక్కొని వందల పోగులు తెంపుతది. ఇదీ అంతే. పొద్దుమూకి అందరూ ఫోన్లు పట్టుకున్నప్పుడు మా గల్లీలో పింగ్ 300. తెల్లారి ఐదింటికి 45. మొదటి పాళీకి లేచే అలవాటు పోలేదు కాబట్టి నాకు అదే మంచి టైము.

సర్వర్ వాళ్ళ చేతిలో ఉన్నదంటే గేటు తాళం వాళ్ళ చేతిలో ఉన్నట్టే. యూబీసాఫ్ట్ అనే ఫ్రాన్స్ కంపెనీ 2014లో ది క్రూ అని కార్ల ఆట అమ్మింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. ఒంటరిగ ఆడుకునే భాగం కూడా ఆగిపోయింది. పైసలు పెట్టి కొన్నోళ్ళ డబ్బాలు ఉత్త డబ్బాలైనయి. దాని మీద యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు పెట్టిండ్రు, ఆటను చంపకండని. మన మిల్లు గేటు ముందట మనం కూడా పెట్టినం సంతకాలు.

మాకూ ఆ రోజొచ్చింది. 2020 సెప్టెంబర్ 2న సర్కారు చైనా సంబంధం ఉన్న 118 యాప్‌లను ఆపింది, అందులో పబ్‌జీ మొబైల్ ఒకటి. ముందే ఫోనులో ఉన్నోళ్ళకు ఇంకొన్ని రోజులు నడిచింది, అక్టోబర్ 30న సర్వర్ బందు. సర్కారు కారణం సర్కారుకు ఉంటది, దాని మీద నేను వాదించను. ఆఖరి రాత్రి నలుగురం దుంకినం. ఎవ్వరం తుపాకీ తీయలే. ఒక జీపు దొరికితే దీవి చుట్టూ తిరిగినం. సిరిసిల్ల పిల్లగాడు బండి నడుపుతుండె. సాంచెలు ఇంకా సరిగ్గ నడుస్తలేవని, నాయిన అప్పు తెచ్చిండని ఆ బండిలనే చెప్పిండు. ఎదురుంగ కూసుంటే చెప్పేటోడు కాదేమో.

2021 జులై 2న ఇండియా కోసమని వేరుగ బీజీఎంఐ వచ్చింది. పాత ఖాతా అందులోకి మార్చుకోనిచ్చిండ్రు. 2022 జులైలో అదీ దుకాణాల నుంచి పోయింది, 2023 మేలో మళ్ళొచ్చింది. మా మనవడు, భివండి పిల్లగాడు, నేను ముగ్గురం కలుస్తం.

సిరిసిల్ల పిల్లగాడు దుబాయి పోయిండు. అక్కడ వానికి దొరికేది బయటి దేశాల పబ్‌జీ, మాది బీజీఎంఐ. దీవి అదే, ఇండ్లు అవే, జీపు కూడా అదే. సర్వర్లు వేరు కాబట్టి వాడు మా దీవి మీదికి రాలేడు, మేం వాని దీవి మీదికి పోలేం. శుక్రవారం వానికి సెలవు. ఆ పొద్దు మామూలు ఫోను చేస్తడు, ఒకరికొకరం చెప్పుకుంట ఎవరి ఆట వాళ్ళం ఆడుతం. "తాతా, నేను బడి కాడ దిగిన, నువ్వేడ దిగినవ్?" అని అడుగుతడు. నేను కూడా బడి కాడనే దిగుత.