పెడల్ కిందికి పోతుంటే పంపు కొట్టడం మందు కాదు

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో పికప్ డ్రైవర్లు చేరిన చోట బ్రేకు మాట ఎత్తి చూడండి. ‘‘పెడల్ మెత్తగా పోతాందన్నా’’ అని ఒకరు అనడం ఆలస్యం, ‘‘ఏం కాదులే, రెండుసార్లు పంపు కొట్టు, నిలబడతాది’’ అని జవాబు వస్తుంది. నిజమే, నిలబడుతుంది. ఆ సలహా ఇన్నేళ్లుగా చెల్లుబాటు అవుతున్నదీ అందుకే. కానీ కడప యార్డుకు పసుపు బస్తాలతోనో, పులివెందుల నుంచి అరటి గెలలతోనో నిండు లోడుతో పోయే బండికి గేదె అడ్డం వచ్చిందంటే రెండోసారి తొక్కే వ్యవధి ఎక్కడిది? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు తీసి మళ్లీ తొక్కడానికి ఒక్క సెకను పట్టినా ఆ 17 మీటర్లూ బ్రేకు లేకుండా పోయినట్టే.

పదేళ్లు దాటిన బొలెరో పికప్పులు, టాటా 207లు మన పల్లెల్లో ఇంకా రోజూ లోడు మోస్తున్నాయి. వాటి యజమానులు తరచూ అడిగేది ఒకటే: ‘‘ఎయిర్ తీయించినాం, ఆయిల్ పోసినాం, బూస్టర్ కూడా మార్చినాం, అయినా మెత్తగానే ఉంది, ఎందుకు?’’ ఎందుకంటే ‘మెత్తగా ఉంది’ అన్న ఫిర్యాదు వెనక నాలుగైదు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఏ జబ్బో స్పానర్ కన్నా ముందు పాదమే చెప్పగలదు. పెడల్ ఎలా మెత్తబడింది, ఎప్పుడు మెత్తబడింది అన్నది తేల్చుకోకుండా విప్పిన ప్రతి నట్టూ దండగే.

ముందు గాలి సంగతి. పైపులో కాస్త గాలి చేరితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే పిస్టన్ ముఖం వైశాల్యం సుమారు 3.8 చదరపు సెంటీమీటర్లు. పైపుల్లో ఎక్కడో 2 సీసీల గాలి ఇరుక్కుంది. అది అర టీస్పూనుకు కూడా తక్కువే. బ్రేకు తొక్కితే పైపుల్లో ఒత్తిడి వాతావరణ పీడనానికి 20 రెట్లు ఇట్టే దాటుతుంది. బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడికి లొంగదు, గాలి లొంగుతుంది. ఒత్తిడి 20 రెట్లయితే గాలి పరిమాణం 20వ వంతుకు పడిపోతుంది కాబట్టి 2 సీసీలు కాస్తా 0.1 సీసీ అవుతుంది. ఖాళీ అయిన ఆ 1.9 సీసీల చోటు పూడాలంటే పిస్టన్ అర సెంటీమీటరు అదనంగా ముందుకు జరగాలి. పెడల్ మీట పొడవు వల్ల మన పాదం కదలిక పిస్టన్ కదలికకు సుమారు అయిదు రెట్లు ఉంటుంది. అంటే పాదం రెండున్నర సెంటీమీటర్లు, దాదాపు ఒక అంగుళం, ఊరికే కిందికి పోయింది. అర టీస్పూను గాలి చేసే పని ఇది. ఇంకో అర టీస్పూను చేరితే పెడల్ అడుగుకు తగలడానికి ఎంతో దూరం ఉండదు.

బావి మీద మోటారు నడిపిన రైతుకు ఇది వింత కాదు. సక్షన్ పైపు జాయింటులో గాలి పట్టిందంటే మోటారు ఎంత తిరిగినా నీళ్లెత్తదు. ఫుట్‌వాల్వు కారుతుంటే రాత్రికి రాత్రే పైపు ఖాళీ అయి, తెల్లారి మళ్లీ బిందెతో నీళ్లు పోసి మోటారు ఎత్తించాలి. బ్రేకును పంపు కొట్టడం ఈ బిందెతో నీళ్లు పోయడమే. నీళ్లెత్తింది కదా అని ఫుట్‌వాల్వు బాగైనట్టు కాదు. బ్రేకు డబ్బాలో ఆయిల్ తగ్గిన ప్రతిసారీ పోసి మూత పెట్టడమంటే, కారే జాయింటు కింద బిందె పెట్టి ఆ నీళ్లే మళ్లీ పైపులో పోసుకోవడం. ఏ రైతూ తన మోటారుకు పదిరోజులకు మించి ఈ సేవ చేయడు, ప్లంబర్‌ను పిలుస్తాడు. ఆ రైతే తన పికప్‌కు మాత్రం ఏడాది పొడుగునా చేస్తుంటాడు.

పంపు కొడితే లేచిన పెడల్ అన్నిసార్లూ గాలినే చూపించదు. లేచాక కూడా పాదం కింద సాగుతున్నట్టు ఉంటే గాలి. లేచాక గట్టిపడి కదలకుండా నిలిస్తే వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి దూరమయ్యాయని అర్థం. వాటిని దగ్గరికి జరిపే అడ్జస్టర్ దుమ్ముకు, తుప్పుకు బిగుసుకుపోయి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు మునుపటికన్నా చాలా పైకి వస్తుంటే అనుమానమే అక్కర్లేదు. దీనికి ఎయిర్ ఎంత తీసినా ఫలితం ఉండదు. డ్రమ్ము విప్పి, శుభ్రం చేసి, షూ అడ్జస్ట్ చేస్తే చాలు.

ఇంకో జబ్బు ఉంది, ఇది మరీ మోసకారి. బండి స్టార్ట్ చేసి నిలిపే ఉంచి, పెడల్‌ను బలంగా కాకుండా మెల్లగా నొక్కి అర నిమిషం అలాగే పట్టండి. పెడల్ కొంచెం కొంచెంగా దిగిపోతుంటే ఎక్కడో ఆయిల్ తప్పించుకుంటోంది. చక్రాల లోపలి వైపు, పైపుల వెంట తడి లేదు, డబ్బాలో మట్టం తగ్గలేదు అంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగాయి. ఆయిల్ కప్పు అంచు మీదుగా వెనక్కి జారుతోంది. గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి ఆ రబ్బరు అంచు సిలిండర్ గోడకు అతుక్కుపోయి బాగానే ఉన్నట్టు నటిస్తుంది. మెల్లగా నొక్కితేనే బయటపడుతుంది. మట్టం తగ్గుతోంది కానీ బయట ఎక్కడా తడి లేదంటే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే నట్లు వదులు చేసి ఆ రెండింటి మధ్య వేలు పెట్టి చూడమనండి. వెనక కప్పు కారితే ఆయిల్ నేరుగా బూస్టర్ కడుపులోకి పోతుంది, నేల మీద చుక్క కూడా పడదు.

బూస్టర్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. డీజిల్ బండిలో బూస్టర్‌కు కావలసిన వ్యాక్యూమ్‌ను వేరే పంపు ఇస్తుంది. చాలా పాత బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అది గానీ బూస్టర్ గానీ చెడితే పెడల్ గట్టిపడుతుంది, మెత్తబడదు. మెత్తటి పెడల్‌కు బూస్టర్ మార్చడం డబ్బు పారేయడమే. ఇంజన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కి, పెడల్ మీద కాలుంచి స్టార్ట్ చేస్తే అది కాస్త కిందికి దిగుతుంది. దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. ఆ దిగడం చూసి కంగారు పడేవాళ్లు కూడా ఉన్నారు, అక్కర్లేదు.

పొద్దున బాగున్న పెడల్ ఘాట్ దిగేసరికి అడుగుకు పోయిందంటే కథ వేరు. సరుకుతో కలిపి 2,700 కిలోల బండి 200 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. దాదాపు 53 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. 17 లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తెచ్చేంత వేడి అది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్‌ను టాప్ గేరులో బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడిలో చాలాభాగం చక్రాల దగ్గరే తేలుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు హోస్‌ల గుండా, డబ్బా మూత గుండా ఏళ్ల తరబడి తేమ చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కు ఇవే 230, 155. మరిగితే ఆవిరి పుడుతుంది. ఒక్క చుక్క నీరు 100 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆవిరైతే 80 సీసీలకు పైగా పెరుగుతుంది. రెండు సీసీల గాలి ఏం చేసిందో పైన చూశాం కదా. బండి చల్లారాక ఆవిరి మళ్లీ నీరవుతుంది, పెడల్ మామూలుగా అవుతుంది, మేస్త్రి దగ్గరికి పోయేసరికి తప్పేమీ దొరకదు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే మాత్రం అది ఆయిల్ కాదు, లైనింగ్ వేడెక్కి పట్టు తప్పడం. రెండింటికీ ఘాట్‌లో మందు ఒకటే: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగడం. ఆయిల్‌ను మాత్రం రెండేళ్లకోసారి పూర్తిగా మార్పించాలి.

ఈ ఆయిల్ చరిత్ర నాకు మహా ఇష్టం. ద్రవంతో పనిచేసే బ్రేకులకు మాల్కమ్ లాక్‌హీడ్ అమెరికాలో 1917లో పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ వాటిని బిగించుకుని వచ్చింది. మొదట్లో కప్పులు పచ్చితోలుతో చేసేవారు, అవి కారేవి. 1924 నాటికి క్రైస్లర్ ఇంజనీర్లు రబ్బరు కప్పులు తెచ్చాక గానీ ఈ బ్రేకులు నమ్మకంగా నిలబడలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు బ్రేక్ ఆయిల్ అంటే ఆల్కహాల్ కలిపిన ఆముదమే. మన మెట్ట చేలల్లో పండే ఆముదం అమెరికా కార్లను ఆపిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అప్పుడు ఆముదం వాడారంటే ఇప్పుడు ఏ నూనైనా పోయొచ్చని కాదు. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ బ్రేకు డబ్బాలో పోస్తే లోపలి రబ్బరంతా ఉబ్బిపోతుంది. మూత లోపలి రబ్బరు వాషర్ సాగి మళ్లీ మూతలో సరిపోకపోతే ఎవరో ఈ ఘోరం చేశారన్నమాట. అనుమానముంటే డబ్బాలోంచి నాలుగు చుక్కలు తీసి గ్లాసెడు నీళ్లలో వేయండి. గ్లైకాల్ బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ పైన తేలుతుంది. తేలిందంటే కప్పులు, హోస్‌లు అన్నీ మార్చాల్సిందే. అమావాస్యకు బంపర్‌కు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కట్టేవాళ్లు చాలామంది ఆ డబ్బా మూత తీసి చూడరు. బ్రేకు పోవడానికి దిష్టి కారణమని నమ్మినంతకాలం కారే కప్పు కారుతూనే ఉంటుంది. ఈ నమ్మకం ప్రాణాలు తీస్తుంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఎయిర్ తీయించేటప్పుడు. స్టీరింగ్ కుడివైపు ఉండే మన బండ్లలో మామూలుగా వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. బండి పుస్తకంలో వేరే వరస ఉంటే అదే పాటించాలి. పాత బండి పెడల్‌ను అడుగుదాకా తొక్కనీయొద్దు. సిలిండర్ చివర్లో ఎప్పుడూ కప్పు తిరగని చోట తుప్పు పట్టి ఉంటుంది, అది కప్పును కోసేస్తుంది. ఎయిర్ తీసిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయిందని మేస్త్రిని తిట్టుకోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. పెడల్ కింద చెక్కముక్క పెడితే ఆ బాధ తప్పుతుంది.

వెనక ఇరుసు దగ్గర లోడు వాల్వు ఉన్న బండిని జాకీ మీద వేలాడదీసి ఎయిర్ తీయకూడదు. ఇరుసు కిందికి వేలాడితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక చక్రాలకు పోయే ఒత్తిడిని తగ్గించేస్తుంది, గాలి లోపలే ఉండిపోతుంది. చక్రాలు నేల మీద ఉండగానే తీయాలి. ఎక్కువ లోడు కోసం కమాను కట్టలో అదనంగా పట్టీలు వేయించిన బండికి ఇదే ఇబ్బంది రోజూ ఉంటుంది. బస్తాలు నింపినా బండి కిందికి దిగదు, వాల్వు ఖాళీ బండేననుకుంటుంది, వెనక బ్రేకు సగమే పడుతుంది, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడి అవి వేడెక్కుతాయి. పట్టీలు వేయించిన రోజే ఆ వాల్వు రాడ్డును కంపెనీ కొలతకు సరిచేయించి, నిండు లోడుతో ఖాళీ రోడ్డు మీద మెల్లగా పరీక్షించాకే ఘాట్ ఎక్కించండి.