సారా కోసం ఎవరూ వెతకలేదు

మాయమైన ముగ్గురు అమ్మాయిల్ని ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న నవలలో అందరూ మరిచిపోయిన పిల్ల కథ

1900 ఫిబ్రవరి 14. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో మండు వేసవి. ఆపిల్‌యార్డ్ కాలేజీ అనే ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు నుంచి పిల్లలంతా గుర్రబ్బండిలో వనభోజనాలకు బయల్దేరారు. ఎంత ఉక్కగా ఉన్నా వుడెండ్ ఊరు దాటేదాకా చేతులకున్న గ్లౌజులు తీయకూడదని ప్రిన్సిపాల్ మిసెస్ ఆపిల్‌యార్డ్ ఆజ్ఞ. హ్యాంగింగ్ రాక్ కొండ కింద భోజనాలయ్యాయి. టైమెంతయిందని చూస్తే బండి తోలే హస్సీ గడియారం, లెక్కల టీచర్ మిస్ మెక్రా గడియారం రెండూ పన్నెండు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. కొండను దగ్గర్నుంచి చూసొస్తామని నలుగురు అమ్మాయిలు వెళ్లారు. ఈడిత్ ఒక్కతే కేకలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. మిరండా, మేరియన్, ఇర్మా రాలేదు. కాసేపటికి చూస్తే మెక్రా కూడా లేదు.

జోన్ లిండ్సే దాదాపు 70 ఏళ్ల ప్రాయంలో రాసిన ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ కథ ఇది. 1967లో వచ్చింది. 1975లో పీటర్ వియర్ సినిమాగా తీశాక దేశదేశాలకూ పాకింది. నిజంగా జరిగిందో కల్పనో పాఠకులే తేల్చుకోవాలని రచయిత్రి ముందుమాటలోనే చెప్పడంతో ఎంతోమంది పాత పేపర్లు తిరగేశారు. ఏమీ దొరకలేదు, దొరకదు కూడా. నవలలో ఆ రోజు శనివారం. 1900 క్యాలెండర్‌లో అది బుధవారం.

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ వెంట తిరిగి పెరిగినవాళ్లం మనం. చివరి పేజీల్లో చిక్కుముడి విడిపోవాల్సిందే. ఇక్కడ విడిపోదు. నిజానికి లిండ్సే ఆ ముడి విప్పుతూ ఆఖరి అధ్యాయం రాశారు. అది తీసేస్తే మంచిదని ప్రచురణ సంస్థలోని ఎడిటర్ సూచిస్తే ఒప్పుకున్నారు. 1984లో ఆమె పోయారు, 1987లో ఆ అధ్యాయం విడిగా అచ్చయింది. కాలంలో చీలిక, గాల్లో నిలిచిపోయిన వస్తువులు... చదివితే ఆ ఎడిటర్‌కు దండం పెట్టాలనిపిస్తుంది. జవాబు దొరికిన మరుక్షణం మన చూపంతా కొండ మీదికే పోయేది. నవల అసలు బలం కొండ కింద, ఊళ్లో, బడిలో ఉంది.

కబురు తెలిసిన దగ్గర్నుంచి వుడెండ్ నిద్రపోదు. పోలీసులు, కుక్కలు, దారి పట్టగల ఆదివాసీ జాడగాడు, పేపర్ల వాళ్లు. వారం తర్వాత ఇర్మా ప్రాణాలతో దొరుకుతుంది. బండరాళ్ల మీద అన్ని రోజులున్న పిల్ల పాదాలకు చిన్న గీత కూడా లేదు. లోపల వేసుకున్న కార్సెట్ మాత్రం లేదు. ఆమెకేమీ గుర్తులేదు. అక్కణ్నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోతుంటారు, టీచర్లు ఉద్యోగాలు మానేస్తారు, బడి ఖాళీ అవుతూ వస్తుంది.

నన్ను వదలని ఘట్టం వ్యాయామశాలలోది. ఊరు వదిలి వెళ్లేముందు ఇర్మా ఎర్రటి దుస్తుల్లో వీడ్కోలు చెప్పడానికి వస్తుంది. నిన్నటిదాకా స్నేహితులైన పిల్లలు ఒక్కసారిగా చుట్టుముడతారు. వాళ్లెక్కడున్నారో చెప్పమని నిలదీస్తారు, మీద పడతారు. ఫ్రెంచి టీచర్ అడ్డుకుని ఇర్మాను బయటపడేస్తుంది. అదే గదిలో పదమూడేళ్ల సారా ఉంది. వంగి నడుస్తోందని, నడుము నిటారుగా నిలవాలని, ఆ పిల్లను పట్టీలతో బల్లకు కట్టేసి వదిలేశారు. లేనివాళ్ల కోసం అంత అల్లరి జరుగుతుంటే, ఉన్న పిల్ల కట్లతో అక్కడే పడి ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

సారా అనాథ. మిరండా అంటే ప్రాణం. పద్యం కంఠతా పట్టలేదని ఆ రోజు వనభోజనాలకు పంపలేదు. ఫీజు కట్టే సంరక్షకుడి దగ్గర్నుంచి డబ్బు రాకపోయేసరికి ప్రిన్సిపాల్‌కు ఆ పిల్ల బరువైపోయింది. ఒకరోజు సారా కనపడదు. సంరక్షకుడొచ్చి తీసుకెళ్లాడని మిసెస్ ఆపిల్‌యార్డ్ చెబుతుంది, అందరూ నమ్ముతారు. తర్వాత పూలపొదల మధ్య తోటమాలికి శవం కనిపిస్తుంది. డబ్బున్న ఇంటి పిల్లలు మాయమైతే దేశం కదిలింది. దిక్కులేని పిల్ల మాయమైతే ఒక్క అబద్ధం సరిపోయింది. లిండ్సే ఈ మాట ఎక్కడా విప్పి చెప్పరు. రెండు అదృశ్యాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు. ఈ నవల గొప్పదనమంతా అక్కడుందని నా నమ్మకం.

ఆ కొండకూ ఇలాంటి కథే ఉంది. మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 60 లక్షల ఏళ్ల కిందట చిక్కటి లావా పైకి ఉబికి గడ్డకట్టగా ఏర్పడిన గుట్ట. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు కారులో గంట ప్రయాణం. వురుండ్జెరి, టాంగురుంగ్, జాజా వురుంగ్ ప్రజలకు అది తరతరాల పవిత్ర స్థలం. 1830ల నుంచి తెల్లవాళ్ల గొర్రెల మందలొచ్చాయి, రోగాలొచ్చాయి, తుపాకులొచ్చాయి. మిగిలినవాళ్లలో చాలామందిని 1863లో ఏర్పాటైన కొరండెర్క్ శిబిరానికి చేర్చారు. ఇప్పటికీ కొండెక్కిన సందర్శకులు గొంతెత్తి పిలిచే పేరు మాత్రం మిరండాది. పుట్టని పిల్ల కోసం ఏడుస్తూ నిజంగా పోయినవాళ్లను మరిచారంటూ 2017లో ‘మిరండా మస్ట్ గో’ పేరుతో కళాకారిణి ఏమీ స్పియర్స్ ఉద్యమం మొదలుపెట్టారు. నవలాభిమానులు కొందరు నొచ్చుకున్నారు గానీ, సారా కథ శ్రద్ధగా చదివినవాళ్లకు ఆమె మాటలో న్యాయం కనిపించి తీరాలి.

సారాకు ఒక అన్న ఉన్నాడు. అనాథాశ్రమంలో ఉండగా విడిపోయారు. కొండ మీద ఇర్మాను వెతికి పట్టుకున్న బండివాడు ఆల్బర్ట్ అతనే. సొంత చెల్లెలు అదే చుట్టుపక్కల బడిలో ఉందని అతనికి తెలియదు, అన్న అక్కడే ఉన్నాడని ఆమెకూ తెలియదు. ఒక రాత్రి కలలో చెల్లెలొచ్చి పలకరించి వెళుతుంది. కూతుర్ని కాపాడినందుకు ఇర్మా తండ్రి పంపిన చెక్కు అతనికి అందుతుంది, స్నేహితుడు మైక్‌తో కలిసి క్వీన్స్‌లాండ్ ప్రయాణం కడతాడు.