ప్రపంచ జనాభా పటమునకు రంగులు వేయు నియమములు

జనాభాను బట్టి దేశములకు రంగులు వేసిన ప్రపంచ పటము మనమందరము చూచినదే. నేడీ రంగులు కుంచెతో వేయుట లేదు. కంప్యూటరుకు నియమములు వ్రాసి యిచ్చినచో అదియే వేయును. కార్టోసీఎస్‌ఎస్ అట్టి నియమములు వ్రాయు భాషలలో ఒకటి.

ముందుగా దేశములన్నిటికి లేత పసుపు అని సామాన్య నియమము వ్రాయవలెను. పిదప ‘జనాభా 1 కోటి లేక అంతకు మించినచో నారింజ’, ‘10 కోట్లు లేక అంతకు మించినచో ముదురు ఎరుపు’ అని వ్రాయవలెను. ఈ షరతునే ఫిల్టరు అందురు. గింజలను జల్లెడ పట్టుట వంటిదే. ఇందు వరుస ముఖ్యము. 10 కోట్లు దాటిన దేశము కోటిని కూడ దాటినదే గదా! రెండు షరతులకును సరిపడినచో వెనుక వ్రాసినదే నెగ్గును. కోటి నియమమును చివర పెట్టినచో భారతదేశము సైతము నారింజ రంగులోనే మిగులును. లెక్క దొరకక గడి ఖాళీగా నున్న ప్రాంతము లేత పసుపులో కనబడి మోసగించును. దానికి వేరుగా బూడిద రంగు పెట్టుడు.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. రష్యాలో 14 కోట్లకు పైగా, బంగ్లాదేశ్‌లో సుమారు 17 కోట్ల జనులు. రెండును ముదురు ఎరుపే. కాని రష్యా వైశాల్యము సుమారు 171 లక్షల చదరపు కిలోమీటర్లు, బంగ్లాదేశ్‌ది సుమారు 1.48 లక్షలు మాత్రమే. పటము చూచినవారు రష్యాయే జనముతో క్రిక్కిరిసి యున్నదనుకొందురు! కనుక జనాభాను వైశాల్యముచే భాగించి, వచ్చిన సాంద్రతకు నియమము వ్రాయవలెను. అప్పుడు చదరపు కిలోమీటరుకు రష్యాలో పదిమందికి లోపు, బంగ్లాదేశ్‌లో వెయ్యిమందికి పైగా అని తేలును.

గ్రామాధికారులు మండల పటములో బోరుబావుల లెక్కకు రంగులు వేయించునపుడును ఇంతే. మొత్తము సంఖ్యకు రంగు వేసినచో విస్తీర్ణము హెచ్చుగా గల గ్రామమే ముదురుగా కనబడును; చిన్న గ్రామములో నూరు ఎకరములకు ఎన్ని బోర్లు నీరు తోడుచున్నవో మరుగున పడును.