భుజాన ఏడు కిలోలు

ఈ శీర్షికలో మామూలుగా చిప్పుల గురించో, కొత్త సాఫ్ట్‌వేర్ల గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి వాటన్నిటినీ మోసుకు తిరిగే వస్తువు సంగతి చూద్దాం. అదేనండీ, రోజూ ఆఫీసుకు తగిలించుకుపోయే మన బ్యాగు. "దీనికో వ్యాసమా?" అనకండి. కంప్యూటరు కొనేముందు నెల్లాళ్ళు రివ్యూలు చదివే మనం, బ్యాగు దగ్గరికొచ్చేసరికి కాన్ఫరెన్సులో ఊరికే ఇచ్చినదో, అద్దంలో చూసుకుంటే దర్జాగా కనబడిందని కొన్నదో భుజాన వేసుకుని ఏళ్ళు గడిపేస్తాం. నాది రెండో రకం. మంచి గోధుమరంగు తోలు బ్యాగు, ఒకే పట్టీ. నా మెడ పట్టేసేదాకా దానిమీద నాకే అనుమానమూ రాలేదు.

కుడిభుజం నుంచి మెడదాకా నొప్పి మొదలైతే అందరిలాగే నేనూ కీబోర్డును అనుమానించాను. కుర్చీ మార్చాను, మానిటరు ఎత్తు పెంచాను, మౌసు ఎడమచేతికి మార్చి వారంరోజులు తిట్టుకున్నాను. తగ్గలేదు. చివరికి ఫిజియోథెరపీకి వెళితే ఆవిడ కీబోర్డు ఊసే ఎత్తలేదు. "మీ కుడిభుజం కాస్త పైకి లేచి ఉంది. బ్యాగు ఎటువైపు తగిలించుకుంటారు?" అని అడిగింది. పట్టీ జారిపోకుండా భుజాన్ని తెలియకుండానే ఎగబట్టి ఉంచుతున్నానట, రోజూ, ఏళ్ళ తరబడి.

మా ఇంట్లో ఇండియా ప్రయాణాలకు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఒకటుంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. సూట్‌కేసు 23 కిలోలు దాటిందంటే అరకిలో కందిపొడి తీసి పక్కన పెట్టే మనం, రోజూ మోసే బ్యాగును ఎన్నడైనా దానికి తగిలించామా? ఆ సాయంత్రం తగిలించాను. 7.2 కిలోలు! అంటే దాదాపు 16 పౌన్లు. ఎమిరేట్స్ విమానంలో ఎకానమీ ప్రయాణికుడు లోపలికి తీసుకెళ్ళగలిగేది 7 కిలోలు. రోజూ ఎడిసన్ నుంచి న్యూయార్క్‌కి రైల్లో వెళుతూ, దుబాయ్ మీదుగా హైదరాబాదు వెళ్ళేవాడంత చేతిసామాను ఒక్క భుజాన మోస్తున్నానన్నమాట.

అన్నీ బల్లమీద పరిచి విడివిడిగా తూచాను. 16 అంగుళాల ఆఫీసు ల్యాప్‌టాప్ 2.1 కిలోలు. దాని చార్జరు అరకిలోకి కాస్త తక్కువ. నీళ్ళు నింపిన స్టీలు సీసా కిలోకి పైనే. లంచ్ డబ్బా 900 గ్రాములు. గొడుగు, పవర్‌బ్యాంకు కలిపి 700. అడుగున మరో 400 గ్రాముల పురావస్తు సంపద: ఎప్పుడో వాడిన ప్రొజెక్టరు ఎడాప్టరు, పాత ఇంటి తాళంచెవులు, హోటలు సబ్బులు, చిల్లరడబ్బులు. ఇక మిగిలింది బ్యాగే. ఏమీ పెట్టకుండా 1.6 కిలోలు!

అంచేత కొట్లో అద్దం ముందు నిలబడే ముందు చూడాల్సింది ఖాళీ బ్యాగు బరువు. కిలో దాటితే నేనైతే వదిలేస్తాను. కొనుగోలు పేజీల్లో ఆ అంకె అడుగున ఎక్కడో ఉంటుంది, వెతకండి. రెండోది పరిమాణం. రోజువారీకి 20 లీటర్లు చాలు. 30 లీటర్లది కొంటే మిగతా పది లీటర్లు ఖాళీగా ఉంటాయనుకోకండి. మన హార్డ్‌డిస్కు ఎన్నడైనా ఖాళీగా ఉందా?

భారత ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బడిపిల్లల సంచి వాళ్ళ బరువులో 10 శాతానికి మించకూడదు. పెద్దలకు అలాంటి నియమం ఏదీ లేదు. నేను 72 కిలోల మనిషిని. పిల్లల లెక్కన చూసినా సరిగ్గా గీతమీద ఉన్నాను, అదీ ఒంటిభుజం మీద.

ఒంటిపట్టీ బ్యాగులకు ఓ కథ ఉంది. మెసెంజర్ బ్యాగును సైకిలు మీద కవర్లు అందించే కొరియర్లు వాడేవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1989లో మొదలైన టింబక్2 బ్యాగులు అలాంటి కొరియరు ఒకరు కుట్టడం మొదలుపెట్టినవే. రోజంతా ఆగిన చోటల్లా, వీపుమీది బ్యాగును ఒక్క ఊపున ముందుకు తిప్పి కవరు తీసి ఇవ్వాలి. రెండు పట్టీలుంటే ఆ పని కాదు. మరి మనమో? పొద్దున ఒకసారి ల్యాప్‌టాప్ తీస్తాం, సాయంత్రం ఒకసారి పెడతాం. వాళ్ళ సౌకర్యానికి మన మెడ ఎందుకు మూల్యం చెల్లించాలి? రెండు పట్టీల బ్యాక్‌ప్యాకే మనకు తగినది. పట్టీలు మెత్తగా, కనీసం రెండంగుళాల వెడల్పున ఉండాలి, బ్యాగు అడుగు నడుము దాటి కిందికి వేలాడకూడదు. రద్దీ రైల్లో మాత్రం తీసి ముందు పట్టుకోండి. లేకపోతే మనం అటు తిరిగినప్పుడల్లా వెనకవాళ్ళ కాఫీ ఒలుకుతుంది.

ఒక్క మినహాయింపు, సూటు. బ్యాక్‌ప్యాకు పట్టీ రాసుకుని కోటు భుజాలు కొన్నాళ్ళకే మెరుపెక్కిపోతాయి. క్లయింటు మీటింగు ఉన్నరోజు సన్నటి చేతిబ్యాగు, అందులో ల్యాప్‌టాపు, చార్జరు, అంతే.

ఇక గుడ్డ. లేబుల్ మీద 420డి, 1050డి అని ఉంటుంది. డి అంటే డెనియర్, 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. బాలిస్టిక్ నైలాన్ అనే పేరు రెండో ప్రపంచయుద్ధం నాటిది. విమాన సిబ్బందిని బాంబు పెంకుల నుంచి కాపాడే కోట్ల కోసం డ్యూపాంట్ సంస్థ తయారుచేసింది. గట్టిదే గానీ మన క్యూబికిల్‌లో పెంకులేమీ పేలవు గదా, ఆ బరువు మనకెందుకు? పైగా ప్రాసెసరు మెగాహెర్ట్జ్‌లాగే ఈ అంకె ఒక్కటే చూసినా మోసపోతాం. 600 డెనియర్ పాలియెస్టరు కన్నా అంతకు తక్కువ అంకె ఉన్న మంచి నైలాను రాపిడికి బాగా ఆగవచ్చు. తోలు మీద మోజుంటే ఒక్కమాట: "జెన్యూయిన్ లెదర్" అన్న ముద్ర అది తోలేనని చెబుతుంది గానీ మంచి తోలని చెప్పదు. తోలులా కనబడే పాలీయురెథేన్ పూత అయితే కొన్నేళ్ళకు పొలుసులుగా రాలిపోతుంది.

బ్యాగులో మొదట చచ్చేది గుడ్డ కాదు, జిప్పు. జిప్పు మీద వై.కె.కె. అక్షరాలు చూసే ఉంటారు, 1934లో తడావో యోషిదా స్థాపించిన జపాను కంపెనీ. ఆ అక్షరాలుంటే సగం నిశ్చింత. మిగతా సగానికి, కొట్లోనే బ్యాగులో ఏవైనా కుక్కి, ఒంటిచేత్తో జిప్పును మూలమలుపు దాటించి చూడండి. అక్కడ తట్టుకుంటే ఇంటికి తేకండి.

ల్యాప్‌టాప్ అర విషయంలో చాలామంది చూడనిది ఒకటుంది. అరలో చెయ్యి పెట్టి అడుగుదాకా పోనివ్వండి. వేళ్ళు బ్యాగు అడుగును తాకితే ఆ బ్యాగు వద్దు. మనం బ్యాగును నేలమీద దించేది మెల్లగా కాదు, "హమ్మయ్య" అంటూ ధబ్బున. అర అడుగు నేలకు అంగుళమైనా పైన ఉంటే ఆ దెబ్బ ల్యాప్‌టాప్ అంచుకు తగలదు. పైన ఎంత స్పాంజి ఉన్నా ఇది లేకపోతే దండగ. అన్నట్టు 16 అంగుళాలంటే తెర మూల నుంచి మూలకు కొలత. పెట్టె పొడవు, వెడల్పు కొలుచుకుని వెళ్ళండి.

విమానం ఎక్కేటప్పుడు పవర్‌బ్యాంకు పైజేబులో ఉండాలి. చెక్‌ఇన్ సామానులో దానికి అనుమతి లేదు, పైన చోటు లేదని గేటు దగ్గర బ్యాగు తీసేసుకుంటే వెంటనే బయటికి తీయాలి. 100 వాట్-అవర్ల లోపుదైతే ముందు అనుమతి అక్కర్లేదు. మిల్లీఆంపియర్లను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగించండి: 20,000ది 74 అవుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్‌లో దాన్ని వెంట తీసుకెళ్ళవచ్చు గానీ విమానంలో వాడకూడదు. పాస్‌పోర్టు, ఐ-797 అసలు ప్రతులు రోజూ బ్యాగులో వేసుకు తిరిగేవాళ్ళను చూశాను. దయచేసి ఇంట్లో పెట్టండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం, కానీ దాని చోటు జేబులోని పర్సు, కారు వెనకసీట్లో వదిలేసే బ్యాగు కాదు.

రంగు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నలుపు, బూడిద, ముదురు నీలం, లోగో లేకుండా. లోపలి గుడ్డ మాత్రం లేతరంగుది చూడండి, నల్లటి బ్యాగులో నల్లటి కేబులు వెతకడం ఎంత నరకమో మీకు తెలుసు.

ఇక ఏ రివ్యూలోనూ కనబడని మన సొంత సమస్య, లంచ్ డబ్బా. మిత్రుడొకరు సోమవారం పొద్దున బెండకాయ పులుసు వేడివేడిగా డబ్బాలో పోసి, మూత బిగించి, ల్యాప్‌టాప్ పక్కనే పడుకోబెట్టాడు. ఆవిరికి మూత కాస్త లేచింది. మిగతాది రైలు చేసింది. కీబోర్డు కింద పులుసు ఎలా చేరిందని ఐటీ విభాగం అడిగితే ఇంగ్లీషులో పులుసు అంటే ఏమిటో వివరించడానికే అతనికి అరగంట పట్టిందట. డిస్కులో ఇంకా చెక్‌ఇన్ చెయ్యని రెండువారాల కోడు పోయింది. ఇక ఆవకాయ నూనె నైలానులోకి దిగిందంటే ఆ వాసన బ్యాగు ఉన్నంతకాలం ఉంటుంది. ఆరనిచ్చి మూత బిగించండి, డబ్బా నిలువుగా ఉంచండి, అన్నిటికన్నా ముందు దాన్ని ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులోంచి బయటికి తరిమెయ్యండి.

నా సంగతంటారా? నల్లటి నైలాను బ్యాగు, 900 గ్రాములు. చార్జరు 200 గ్రాముల గ్యాలియం నైట్రైడ్ రకం. సీసా ఖాళీగా తీసుకెళ్ళి ఆఫీసులో నింపుకుంటున్నాను, పవర్‌బ్యాంకు ప్రయాణాలకు మాత్రమే. వీపున 3.9 కిలోలు కూడా లేవు, నొప్పి రెండునెలల్లో చాలావరకు తగ్గింది. లంచ్ మాత్రం విడిగా చేతిలో, మా అమ్మాయి ఒకటో తరగతిలో వాడిన ఏనుగుబొమ్మ సంచిలో. స్టైలు సంగతి రైల్లో నా ఎదుటి సీటువాళ్ళు చెప్పాలి.